అంగవైకల్యము గల బాలబాలికల శరీరములోని క్రొవ్వును కొలుచుట

ప్రతి సంవత్సరమును పాఠశాలలో వైద్యపరీక్ష జరుగు దినమున బాలబాలికలు వరుసగా వచ్చి కాటాపై నెక్కుటయు, గోడపై గీచిన కొలబద్దకు వీపు నానించి నిలుచుటయు మన పాఠకులందరును ఎరిగిన విషయమే. ఆ రెండు సంఖ్యలను పట్టికలో చూచి, ఈ బాలుడు బక్కగా నున్నాడు, ఈ బాలిక తగినట్లున్నది, ఈ పిల్లవాడు స్థూలకాయుడు అని వ్రాసికొందురు. కాళ్లుచేతులు చక్కగా నున్న పిల్లల విషయమున ఈ పద్ధతి చాలవరకు పనికివచ్చును. కాని తిన్నగా నిలువలేని బాలుని యెత్తు ఎట్లు కొలువవలెను? వెన్ను వంగిన బాలిక యెత్తు ఎంత యని వ్రాయవలెను? కండలు కృశించిన కాళ్లు గలవాని తూకమును ఏ పట్టికతో పోల్చవలెను? ఇట్టి పిల్లల పేరున కెదుట గడి ఖాళీగా నుండిపోవచ్చును. లేదా తప్పు సంఖ్య వ్రాయబడవచ్చును. ఖాళీ గడి కంటె తప్పు సంఖ్య వలన కీడు ఎక్కువ. ఏలయన, ఆ సంఖ్యను చూచియే ఆ బిడ్డకు ఆహారము పెంచవలెనో తగ్గింపవలెనో పెద్దలు నిర్ణయింతురు.

కావున కొలత యెచ్చట తప్పునో, దానిని ఎట్లు సరిదిద్దుకొనవచ్చునో విద్యార్థులకును తల్లిదండ్రులకును తెలియునట్లు ఈ వ్యాసమునందు వివరింపదలచితిమి.

1. తూకము చెప్పునది, చెప్పనిది

తడ ప్రాంతమున పులికాటు సరస్సు నానుకొని నివసించువారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. మంచుగడ్డలు వేసిన రొయ్యల గంపను కాటాపై పెట్టినపుడు గంపయు తూగును, మంచును తూగును, రొయ్యయు తూగును. కాటా మొత్తమును మాత్రమే చూపును. అందులో రొయ్య యెంత, మంచు ఎంత యని చెప్పదు. మన శరీరమును అట్టిదే. ఎముక, కండ, నీరు, క్రొవ్వు అన్నియు కలిసి ఒక్క తూకమగును. తూకము పెరిగినదనిన క్రొవ్వే పెరిగినదని అర్థము కాదు. తూకము తగ్గినదనిన క్రొవ్వే తగ్గినదనియు అర్థము కాదు.

కిలోగ్రాములలోని తూకమును, మీటర్లలోని యెత్తును ఎత్తుచేతనే గుణింపగా వచ్చిన సంఖ్యతో భాగించినచో వచ్చు ఫలమునకు బాడీ మాస్ ఇండెక్స్, సంక్షేపముగా బి.ఎం.ఐ. అని పేరు. ఈ గణితమునకు మూలపురుషుడు పందొమ్మిదవ శతాబ్దమునందలి బెల్జియము దేశపు గణితజ్ఞుడు అడాల్ఫ్ కెట్‌లే. ఆయన ఒక్కొక్క రోగిని పరీక్షించుటకు గాక, జనసమూహములను గూర్చి తెలిసికొనుటకై దీనిని లెక్కించెను. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దీనికి నేటి పేరు పెట్టెను.

ఈ సంఖ్య ఎట్లు మోసము చేయునో రెండు ఉదాహరణములచే గ్రహింపవచ్చును. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు బెన్కీయు ఆయన సహచరుడును 25 మంది ఫుట్‌బాల్ ఆటగాండ్రను నీటిలో ముంచి తూచిరి. ఎత్తుకు తగిన తూకపు పట్టిక ప్రకారము వారిలో 17 మంది సైన్యమునకు పనికిరాని స్థూలకాయులు. కాని క్రొవ్వు కండకంటె తేలికయైనది గనుక, నీటిలో తూచి శరీరపు సాంద్రతను చూడగా, వారిలో చాలమంది అధికభారము కండయే యని తేలినది. రెండవ ఉదాహరణము మన దేశమునకు చెందినది. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ తమ శరీరములనే పోల్చి లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇరువురి బి.ఎం.ఐ. 22.3 మాత్రమే. అయినను యుడ్కిన్ శరీరమున క్రొవ్వు నూటికి 9.1 వంతులు కాగా, యాజ్ఞిక్ శరీరమున 21.2 వంతులుండెను.

ఆరోగ్యవంతులైన పెద్దవారి విషయముననే ఇట్లుండగా, అవయవముల పొందిక వేరైన పిల్లల విషయమున ఎంత జాగ్రత్త వలయునో ఊహింపుడు.

2. వైకల్యము కొలతను తప్పించు మూడు మార్గములు

మొదటిది ఎత్తు. సెరిబ్రల్ పాల్సీ యనగా, పుట్టుకకు ముందుగాని, పుట్టునపుడుగాని, శైశవముననే గాని మెదడునకు కలిగిన దెబ్బవలన కాళ్లుచేతులు బిగిసి స్వాధీనము తప్పు స్థితి. ఇట్టి పిల్లలకు మోకాళ్లును తుంటికీళ్లును వంగి యుండును; కొందరికి వెన్నెముకయు ప్రక్కకు వంగును. నిలువబెట్టి కొలిచినచో నిజమైన పొడవు రాదు.

వంగిన కాళ్లు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమైనందున ఎముకలు చెడు ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి మన దేశమున మొదట తెలిసినది నెల్లూరు జిల్లాలోనే. షార్ట్ మొదలగు వైద్యులు 1937లో దీనిని ప్రకటించిరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడు గల ప్రాంతములలో మోకాళ్లు లోపలికి వంగు వ్యాధిని వర్ణించిరి. గోడ కొలబద్ద ఇట్టివారి కెవ్వరికిని న్యాయము చేయదు.

ఒక లెక్క చూడుడు. పదేండ్లు నిండిన ఒక బాలునికి సెరిబ్రల్ పాల్సీ కలదనుకొందము. వాని తూకము 24 కిలోలు. మోకాళ్లు వంగి యుండగా గోడకు నిలిపి కొలిచిన 112 సెంటీమీటర్లు వచ్చినది. 24ను 1.12 చేత రెండుమారులు భాగింపగా 19.1 వచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టిక ప్రకారము ఆ వయస్సు బాలునికి 18.5 దాటినచో అధికభారము. కావున "ఈ బాలునికి ఆహారము తగ్గింపుడు" అని వ్రాయుదురు. కాని వాని అవయవముల నిజమైన పొడవు 125 సెంటీమీటర్లు. ఆ సంఖ్యతో లెక్కించిన 15.4 మాత్రమే వచ్చును, అది సామాన్యస్థితి. పదమూడు సెంటీమీటర్ల తప్పు ఒక బిడ్డ కంచములోని అన్నమును తీసివేయును.

రెండవది కండ. డుషేన్ కండరక్షీణత యను వ్యాధి గల బాలురకు సంవత్సరము వెంబడి సంవత్సరము కండ నశించి, దాని స్థానమున క్రొవ్వును నారయు చేరును. పిక్కలు లావుగా కనబడుటచే చూచువారు బలమనుకొందురు. తూకము మారకయే యుండవచ్చును. లోపల మాత్రము కండ తరిగి క్రొవ్వు పెరుగుచుండును. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలకును కండ తక్కువగా నుండుట చేత, తూకము తక్కువైనంత మాత్రమున క్రొవ్వు తక్కువని చెప్పరాదు.

మూడవది లేని అవయవము. ప్రమాదము వలన గాని, పుట్టుకతో గాని ఒక కాలు లేనివాని తూకములో ఆ కాలి భారము లేదు. పెద్దవారికై తయారైన పట్టికలలో మోకాలి క్రింది భాగము పాదముతో కూడ శరీరభారమున నూటికి 5.9 వంతులనియు, పూర్తి కాలు 16 వంతులనియు, పూర్తి చేయి 5 వంతులనియు గలదు. మోకాలి క్రింది భాగము లేని బాలుడు 32 కిలోలు తూగినచో, 32ను 0.941 చేత భాగింపగా 34 కిలోలు వచ్చును. పట్టికతో పోల్చవలసినది ఈ 34నే. పిల్లల అవయవముల పాళ్లు పెద్దవారి పాళ్లకు సరిగా సమానములు కావు గనుక ఇది ఉజ్జాయింపు మాత్రమే యని గుర్తుంచుకొనవలెను.

3. నిలువకయే పొడవును, ఎక్కకయే తూకమును కనుగొనుట

నిలువలేని బిడ్డను చాప మీద పరుండబెట్టి తల నుండి మడమ వరకు కొలువవచ్చును. కీళ్లు సాగనిచో మోకాలి యెత్తు కొలువవలెను. మోకాలిని, చీలమండను మూల మట్టముగా వంచి, మడమ క్రింది నుండి మోకాలి పైభాగము వరకు ఎంత దూరమో చూడవలెను. రెండు ప్రక్కలలో వ్యాధి తక్కువగా నున్న ప్రక్కనే కొలువవలెను. 1995లో అమెరికా వైద్యుడు స్టీవెన్సన్, పండ్రెండేండ్ల లోపు సెరిబ్రల్ పాల్సీ పిల్లల నుండి ఈ సూత్రమును కనుగొనెను: మోకాలి యెత్తును 2.69 చేత గుణించి, 24.2 కలిపినచో శరీరపు పొడవు సెంటీమీటర్లలో వచ్చును. పైన చెప్పిన బాలుని మోకాలి యెత్తు 37.5 అయినచో, గుణింపగా 100.9, కలుపగా 125.1. గోడ చెప్పలేని సంగతిని మోకాలు చెప్పినది.

తూకమునకు ఉపాయము ఇంకను సులభము. తల్లి బిడ్డ నెత్తుకొని కాటాపై నిలువవలెను. పిమ్మట తల్లి ఒక్కతెయే నిలువవలెను. మొదటిది 76.4, రెండవది 52.4 అయినచో బిడ్డ 24 కిలోలు. కాలికి కట్టిన కాలిపర్లను, బూట్లను ముందుగా తీయవలెను. చక్రముల కుర్చీతో తూచినచో కుర్చీ భారమును తీసివేయవలెను.

4. క్రొవ్వునే కొలుచుట

పొడవును తూకమును సరిచేసికొన్నను, అది గంపను సరిగా తూచుటయే గాని రొయ్యను తూచుట కాదు. క్రొవ్వునే కొలుచుటకు కొన్ని సాధనములు గలవు.

చర్మపు మడతను కొలుచుట వానిలో తేలికయైనది. శరీరమందలి క్రొవ్వులో చాల భాగము చర్మము క్రిందనే యుండును. భుజపు కొనకును మోచేతి కొనకును నడుమ చేతి వెనుక భాగమున, బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను చర్మమును క్రొవ్వుతో కూడ కండ నుండి వేరుచేసి పట్టుకొని, పటకారువంటి పరికరముతో ఆ మడత మందమును మిల్లీమీటర్లలో చూతురు. ఈ పరికరమునకును కాలిపర్ అనియే పేరు; కాలికి కట్టునది వేరు, ఇది వేరు. దీని దవడలు ఎల్లప్పుడు ఒక్క తీరు ఒత్తిడితో నొక్కునట్లు చేయబడినవి. రెండు మూడు మారులు కొలిచి సగటు తీయవలెను. ఒక ప్రక్క పక్షవాతము గల బిడ్డకు ఏ ప్రక్క కొలిచినారో వ్రాసి, ప్రతి పర్యాయము ఆ ప్రక్కనే కొలువవలెను.

ఈ మడత విలువ యెంతయో 2000లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. సెరిబ్రల్ పాల్సీ పిల్లలలో క్రొవ్వు నిలువ అడుగంటినవారిని కనిపెట్టుటలో, ఎత్తుకు తగిన తూకము చూచు పద్ధతి నూటికి 45 మందిని విడిచిపెట్టెను. చేతి వెనుక మడతను వయస్సునకు తగిన పట్టికతో పోల్చు పద్ధతి 96 మందిని పట్టుకొనెను. 2017లో యూరపు ఖండపు శిశువైద్యుల సంఘమును, నాడీవైకల్యము గల పిల్లలకు తూకము ఎత్తులతోనే తృప్తిపడక మడతలను కూడ కొలువవలెనని సలహా యిచ్చెను.

అయినను మడతకును హద్దు గలదు. మడత నుండి శరీరమంతటి క్రొవ్వును లెక్కించుటకు 1988లో స్లాటర్ మొదలగువారు సూత్రములు కట్టిరి. బాలురకు చేతి మడతను పిక్క మడతను కలిపి, 0.735 చేత గుణించి, 1 కలుపవలెను. మన బాలుని మడతలు 6, 5 మిల్లీమీటర్లయినచో నూటికి 9.1 వంతుల క్రొవ్వు అని వచ్చును. దీనిని చూచి "అయ్యో, బిడ్డ ఎండిపోయినాడు" అని అతిగా తినిపించుటయు తగదు. ఆ సూత్రములు వైకల్యము లేని పిల్లల నుండి పుట్టినవి. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు క్రొవ్వు కాళ్లుచేతులలో తక్కువగాను, మొండెములోను లోపలి భాగములలోను ఎక్కువగాను చేరును. అందుచే ఇట్టి సూత్రములు వారి క్రొవ్వును తక్కువగా చూపునని 2010లో పరిశోధకులు నిరూపించి, కలుపవలసిన దిద్దుబాటును సూచించిరి. కావున సూత్రమును వాడువారు అది ఏ పిల్లల కొరకు కట్టినదో ముందుగా అడుగవలెను.

ఇక యంత్రములు. మొదటిది స్వల్పమైన విద్యుత్తును శరీరము గుండ పంపునది. నీరు గల కండలో విద్యుత్తు సులభముగా పోవును; క్రొవ్వు దానిని అడ్డగించును. బిడ్డకు దీనివలన నొప్పి లేదు. కాని బిగిసిన అవయవములు, శరీరములోని నీటి హెచ్చుతగ్గులు ఫలమును మార్చును. రెండవది డెక్సా యను ఎక్స్‌రే యంత్రము. రెండు తరగతుల కిరణములచే ఎముకను, క్రొవ్వును, తక్కిన మాంసమును వేరుగా చూపును. కిరణముల మోతాదు మిక్కిలి స్వల్పము. కాని బిడ్డ కొన్ని నిమిషములు కదలక పరుండవలెను. వెన్నులోగాని తుంటిలోగాని శస్త్రచికిత్సచే లోహపు కడ్డీలు పెట్టియున్నచో లెక్క చెడును.

మూడవది నీటిచే కొలుచుట. డ్యుటీరియము అను భారజలజనకముతో చేసిన నీటిని కొలత ప్రకారము త్రాగించి, కొన్ని గంటల పిమ్మట ఉమ్మిని పరీక్షింతురు. ఆ నీరు ఎంత పలుచబడినదో చూచి శరీరములోని మొత్తము నీటిని కనుగొందురు. క్రొవ్వులో నీరు లేదనవచ్చును. తక్కిన శరీరమున పెద్దవారిలో నూటికి సుమారు 73 వంతులు, పిల్లలలో అంతకు కొంచెము ఎక్కువ నీరు గలదు. తీసివేత చేయగా క్రొవ్వు తెలియును. ఇందులో నిలువనక్కర లేదు, చాచనక్కర లేదు. మ్రింగగల బిడ్డకు ఇది మిక్కిలి అనుకూలము. అయితే పరిశోధనశాల వలయును గనుక ఊరూర సాధ్యము కాదు.

5. ఇంత శ్రమ ఎందులకు?

క్రొవ్వు చెడ్డదని కొందరు తలంతురు. అది సరి కాదు. క్రొవ్వు శరీరపు ధాన్యపుకొట్టు. జ్వరము వచ్చి నాలుగు దినములు తినలేని బిడ్డ దానితోనే బ్రతుకును. నమలుటయు మ్రింగుటయు కష్టమైన బిడ్డకు ఒక్కపూట అన్నము పెట్టుటకే చాల సేపు పట్టును. కొట్టు నింపుట అంత కష్టము. కొట్టు ఖాళీయైనచో రోగములను ఎదిరించు శక్తి తగ్గును, శస్త్రచికిత్స గాయములు త్వరగా మానవు, పరుండిన చోట పుండ్లు పడును.

రెండవ ప్రక్కయు చూడవలెను. నడువలేని బిడ్డకు వ్యయమగు శక్తి తక్కువ. తోడి పిల్లలంత తినిపించినచో క్రొవ్వు మితిమీరును. అప్పుడు ఊపిరి బరువగును. కాలిపర్లు, కుర్చీ సరిపోకపోవును. మంచము నుండి కుర్చీకి ఎత్తు తల్లి నడుము విరుగును. కొద్దిపాటి నడక గల బిడ్డ ఆ నడకను కోల్పోవచ్చును. కావున తక్కువని పొరబడినను, ఎక్కువని పొరబడినను, శిక్ష అనుభవించునది బిడ్డయే.

6. మనము చేయదగినది

తడ నుండి చెన్నపట్టణమునకో, నెల్లూరికో, తిరుపతికో పోయిననే గాని పెద్ద యంత్రములు దొరకవు. అందుచే ఏమియు చేయలేమని కూర్చుండ నక్కర లేదు. కాటా, టేపు, ఒక నోటుపుస్తకము ఉన్నచో సగము పని జరుగును.

తల్లిదండ్రులు మూడు నెలల కొకమారు బిడ్డ తూకమును, మోకాలి యెత్తును, భుజముకు మోచేతికి నడుమ చేతి చుట్టుకొలతను, నడుము చుట్టుకొలతను తేదీతో వ్రాసి యుంచవలెను. ఒక్క దినపు సంఖ్య కంటె వరుసగా వ్రాసిన సంఖ్యలే ఎక్కువ సత్యము చెప్పును. బిడ్డను ప్రక్కింటి బిడ్డతో పోల్చుట కంటె, ఆరు నెలల క్రిందటి ఆ బిడ్డతోనే పోల్చుట మేలు. పొడవు పెరుగుచు తూకము నిలిచిపోయినను, చేయి సన్నబడుచు నడుము పెరుగుచున్నను వైద్యునకు చూపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్ల లోపు పిల్లలను పరీక్షించు వైద్యబృందములు పాఠశాలలకును అంగన్‌వాడీలకును వచ్చును. ఆ నోటుపుస్తకమును వారికి చూపిన యెడల వారి పని సులభమగును. ఆహారమును పెంచుటయు తగ్గించుటయు వారి సలహాతోనే చేయవలెను గాని, ఈ వ్యాసమును చదివి స్వయముగా చేయరాదు.

ఉపాధ్యాయులు వైద్యపరీక్ష పట్టికలో "ఎత్తు" అను గడి ప్రక్కన "ఎట్లు కొలిచినది" అను మరియొక గడి చేర్చవలెను. నిలిపి కొలిచినదా, పరుండబెట్టి కొలిచినదా, మోకాలి నుండి లెక్కించినదా యని తెలియనిచో మరుసటి సంవత్సరము పోల్చుటకు వీలుండదు. కొలుచుటకు ముందు బిడ్డతో "నాయనా, ఇప్పుడు నీ చేతిని పట్టుకొందుము" అని చెప్పి, వాని అనుమతి తీసికొనవలెను. మాట రాని బిడ్డ కూడ ముఖముతో జవాబు చెప్పును. బాలికలను స్త్రీలే కొలువవలెను. తరగతి యెదుట కొలువరాదు. వచ్చిన సంఖ్యను పైకి చదువరాదు.

విద్యార్థులారా! తోడి పిల్లవానిని బక్కవాడని గాని, బొండమని గాని పిలుచునపుడు మీరును ఒక తప్పు కొలబద్దనే వాడుచున్నారు. కంటికి కనబడునది గంప మాత్రమే. మీలో గణితమునందు నేర్పు గలవారు వైద్యపరీక్ష దినమున పై సూత్రములను లెక్కించుటలో ఉపాధ్యాయులకు సాయపడవచ్చును. కుర్చీలో కూర్చున్న స్నేహితుని గడి ఈ సంవత్సరము ఖాళీగా నుండకుండ చూచుట మీ చేతిలో నున్నది.

అభ్యాసము

ఎనిమిదేండ్ల బాలిక తనంతట నిలువలేదు. తల్లియు బిడ్డయు కలిసి 68.5 కిలోలు, తల్లి ఒక్కతె 49.5 కిలోలు తూగిరి. బిడ్డ మోకాలి యెత్తు 33 సెంటీమీటర్లు. బిడ్డ తూకమును, పొడవును, బి.ఎం.ఐ.ని కనుగొనుడు. ఈ మూడును తెలిసిన పిమ్మటను ఆ బాలిక శరీరములోని క్రొవ్వును గూర్చి ఏమి తెలియకయే యున్నదో రెండు వాక్యములలో వ్రాయుడు.

(జవాబు: 19 కిలోలు, 113 సెంటీమీటర్లు, 14.9. రెండవ ప్రశ్నకు జవాబు పై పాఠములో గలదు.)